అతను దిద్దిన పాట

కామారెడ్డిలో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపు నాది. హాస్టల్లో చదివేటప్పుడు పియానో నేర్పిన టీచరమ్మ పుణ్యమా అని స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాయడం వచ్చు. ఆ సంగతి తెలిసి ఎల్లారెడ్డిలో ఒక చిన్న చర్చి ఆడవాళ్లు, తమ పాటలు కంప్యూటర్లో ఎక్కించి బడిలో ఆ గీతలు చదవడం వచ్చిన పిల్లలు చూసి నేర్చుకునేలా చేసి ఇమ్మన్నారు. ఒప్పుకున్నాను. అక్కడ కీబోర్డు వాయించే మనిషితో వైరం అలా మొదలైంది.

మొదటి రోజే షాపుకొచ్చి, కూర్చోకుండానే పెన్‌డ్రైవ్ నా బల్ల మీదికి విసిరాడు.

"అన్ని పాటలు ఇందులనే ఉన్నయి. ప్రింట్ కొట్టు, అయిపోతది."

తెరిచి చూస్తే పేజీ నిండా చీమలు పారినట్టుంది. అతను వాయించి తెచ్చింది మిడి ఫైలు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడో, ఎప్పుడు వదిలాడో తప్ప దానికి ఇంకేమీ తెలియదు. పాట మాటలు తెలియవు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు. వేలు రవ్వంత ఆలస్యమైన ప్రతిచోటా కంప్యూటర్ ఒక చిన్న విరామం గుర్తు గీసిపెట్టింది.

"అన్నా, ఇది చూసి పిల్లలు పాడలేరు. మళ్ల రాయాలె."

"ఊరంత నా వాయింపు మెచ్చుకుంటది. నీకొక్కదానికే తప్పులు కనవడ్తున్నయా?" అని విసురుగా వెళ్లిపోయాడు.

శనివారం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి, ఆడవాళ్లను పాడమన్నాను. పాట ఎత్తుకునే అవ్వది బొంగురు గొంతు, కానీ గట్టిది. మూడో చరణం చివర స్వరాన్ని కిందికి జార్చి, కొంచెం ఆగి, అప్పుడు పల్లవి అందుకుంటుంది. మిగతావాళ్లూ ఆమెతోపాటే ఆగుతారు. అతను ఆగడు.

"తాళం తప్పుతున్నవ్ అవ్వా."

"నువ్వు పుట్టకముందు సంది గిట్లనే పాడుతున్న."

అతను కీబోర్డు సౌండు పెంచాడు. అవ్వ పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం వినబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆడవాళ్లు పాడినట్టే రాశాను. ప్రతి స్వరం, దాని నిడివి, దాని కింద పాట అక్షరం విడివిడిగా ఎక్కించాలి. అవ్వ ఆగే చోట తాళం లెక్క మించిందని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించింది. రెండు నిలువు గీతల మధ్యనున్న ఆ ఒక్క గడికి లెక్క మార్చి దాని నోరు మూయించాను. జారుడుకు గీత, ఆగడానికి గుర్తు పెట్టాను. ఏ నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరిచి మార్చుకునేలా మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు చేసి చర్చికి పంపాను. ప్రింటు వాళ్లే తీసుకుంటామన్నారు.

ఆదివారం నేనూ వెళ్లాను. పిల్లల చేతుల్లో కాగితాలున్నాయి. మూడో చరణం చివర అవ్వ ఆగింది. పిల్లలు ఆగకుండా పల్లవిలోకి దూకారు. గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవ్వ పాట వదిలేసి చాప మీద కూర్చుంది. ఒక పిల్ల దగ్గర కాగితం తీసుకుని చూశాను. జారుడు గీత లేదు, ఆగే గుర్తు లేదు. ఆ గడిని కత్తిరించి మిగతావాటితో సమం చేశారు. కింద నా షాపు పేరు మాత్రం అలాగే ఉంది.

"ఎవరు మార్చిన్రు దీన్ని?"

"నేనే. తప్పుంటె దిద్దిన. ఏందిప్పుడు?" కీబోర్డు దగ్గర్నుంచి అతనే అన్నాడు.

"దిద్దితె నీ పేరు పెట్టుకో. నా షాపు పేరెందుకు?"

"కామారెడ్డి నుంచి వచ్చి మాకు పాట నేర్పుతవా?"

అవ్వ లేచింది. "ఈ కామారెడ్డి పిల్ల ఏం నేర్పుతలేదు. మేం పాడిందే రాసింది. నేర్పుతున్నది నువ్వే."

పాస్టరుగారు అడ్డుపడి, ఆ పూటకు కీబోర్డూ వద్దు, కాగితాలూ వద్దన్నారు. అతను వైరు పీకి, కీబోర్డు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. ఆడవాళ్లు పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

ఆ తర్వాత ఎవరూ మార్చకుండా పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌లే పంపాను. పిల్లలు వాటితోనే నేర్చుకుంటున్నారు. అతను మాత్రం, నేను చర్చిలో గొడవపెట్టానని కనబడినవాళ్లందరికీ చెప్తున్నాడు. మొన్న ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ కోసం షాపుకొచ్చాడు.

"జర జల్ది కావాలె" అన్నాడు, ఏమీ జరగనట్టు.

చేతిలో పనేమీ లేదు. అయినా తల ఎత్తలేదు.

"ఈడ కాదు. పక్క షాపుకు పో."