కొత్త గీజరు, మొదటి స్నానం

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు గాజువాకలో, గీజర్లమ్మే షాపులో నిలబడి ఉండగా తెలిసింది. అక్కడ మేం ఎదురుచూస్తున్నది ఆవిడ కోసమే. "నాను వచ్చీదాకా ఏదీ కొనీకండి" అని ముందురోజు ఫోన్లో మరీ మరీ చెప్పింది. వాళ్ల ఊరు పద్మనాభంలో బస్సు కోసం వచ్చి, అక్కడ అరుగు మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయిందట. గుండె ఆగిపోయిందన్నారు. షాపతను "పదిహేను లీటర్లదా అమ్మా, పాతిక లీటర్లదా?" అని అడుగుతున్నాడు. మా ఆయన ఫోను చెవి దగ్గరే ఉంచుకుని "వదిన..." అని ఆగిపోయారు. గోడ నిండా వేలాడుతున్న ఆ తెల్ల డబ్బాల మధ్య నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇప్పుడు గీజరు ఎవరు చూస్తారు, అనుకున్నాను. మనిషి పోతే ఇలాంటి ఆలోచన వస్తుందా అని మీకు అనిపించవచ్చు. ఆవిడ ఎలాంటి మనిషో చెప్తాను, అప్పుడు అనండి.

ఆవిడ మా బావగారి భార్య. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి, నన్ను ఇక్కడి సంబంధానికే ఇచ్చారు. కాపురానికొచ్చిన కొత్తలో అక్క మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. నా మాట విని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. "మాట మాటకీ అండీ తగిలిత్తే ఇంక పనెప్పుడు సేత్తావే సెల్లీ?" అనేది. అప్పట్లో అందరం దువ్వాడలో ఒకే అద్దింట్లో ఉండేవాళ్లం.

ఆ ఇంట్లో ఒక పాత గీజరు ఉండేది. దానికి ఎర్తు లేదన్న సంగతి మాకెవరికీ తెలియదు. ఒకరోజు పొద్దున్నే తడి చేత్తో కుళాయి తిప్పబోయాను. కుళాయి నన్ను పట్టుకుంది. ఇంకోలా చెప్పడం నాకు రాదు. చెయ్యి తీద్దామంటే అది నా చెయ్యి కాదు, అరుద్దామంటే గొంతు లేదు. తలుపు గడియ పెట్టలేదు కాబట్టి బతికాను. గుమ్మం ఎదుట చెక్కపీట మీద కూర్చుని వంకాయలు తరుగుతున్న అక్క నన్ను చూసింది, పీట ఎత్తింది, నా ముంజేతి మీద ఒక్కటేసింది. ఎముక విరిగిందనుకున్నాను. కింద పడ్డాక చూస్తే ఆవిడ నాకంటే ఎక్కువ వణికిపోతోంది. "బతికేవా? మాటాడవేటి? మాటాడే!" అంటూ నా చెంపలు వాయించింది. నేను "అక్కా" అన్నాక గోడకి చేరబడి చంటిపిల్లలా ఏడ్చింది.

అప్పట్నుంచి ఆవిడకి కరెంటంటే భయం. ఆ భయాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. రొంటిన ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. తాళాలు మరిచిపోయేది గానీ టెస్టరు మరిచేది కాదు. పెళ్లిళ్లకి పట్టుచీర కట్టినా దాన్ని అక్కడే దోపుకునేది. ఎవరు స్నానానికి వెళ్లినా తలుపు దబదబా బాది "గీజరు సిచ్చాపేవా?" అని అడిగేది. మా పిల్లలు ఆ అడగడాన్ని అనుకరించి నవ్వుకునేవారు. వాళ్లకి కుళాయి ముట్టుకోవడం కూడా ఆవిడే నేర్పింది. "అరసెయ్యి ఎట్టకండర్రా. అరసెయ్యయితే పట్టుకుండిపోతాది. ఎనకసెయ్యి తగిలించండి, అదే ఇదిలించేత్తాది."

"వదినా, నీకు బయం ఎక్కువైపోనాది" అని మా ఆయన వేళాకోళం చేస్తే, "నాకుంది కాబట్టి నువ్వు నవ్వుతన్నావు బావూ" అనేది. అప్పుడది మాకు సరదా మాటే.

ఆ మాట మా ఆయనకి అర్థమైన రోజు ఒకటి ఉంది. ఆయన ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఎక్కడైనా నీటిచుక్క కారుతుంటే ఆయనకి ముద్ద దిగదు. డ్యూటీలో పైపుల కారుడు ఆపీ ఆపీ అదొక జబ్బయింది. కొత్తగా ఫ్లాటు కొనుక్కుని పెట్టించిన గీజరుకి, కింద సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కాగేటప్పుడు చుక్క చుక్కగా పడేవి. అది లోపల ఒత్తిడి ఎక్కువైతే బయటికి పోయే దారి. ఈయన అది లీకనుకుని, ఒక ఆదివారం సీలు ముద్ద పెట్టి కన్నం మూసేశారు. చేసిన పనికి మురిసిపోయి టీ కూడా అడిగారు. ఆ వారమే అక్క పద్మనాభం నుంచి మా ఇంటికొచ్చింది. అప్పటికి వాళ్లు ఊళ్లో పొలం చూసుకుంటూ అక్కడే ఉంటున్నారు. స్నానానికి నీళ్లు పెట్టుకుని, బాత్రూము గుమ్మం దగ్గర నిలబడి చెవొగ్గింది.

"సెల్లీ, సుక్క పడతం లేదేటి?"

"ఆయన ఆపేశారక్కా, లీకవుతోందని."

ఆవిడ గుమ్మంలోంచి వెనక్కి జరిగింది. "ఏడుత్తంటే పరవాలేదే. నోరు మూసుకుందంటేనే నాకు బయం. లోపల ఏటో మూలుగుతంది, ఇను!" అంది. నాకూ వినిపించింది. డబ్బాలోంచి సన్నగా, గిన్నె మాడుతున్నట్టు ఒక చప్పుడు. అక్క స్విచ్చాపి, మమ్మల్నందర్నీ మెడపట్టి గెంటినంత పని చేసింది. పిల్లలు తువాళ్లతో, ఈయన సగం గడ్డం గీసుకుని, వీధిలో నిలబడ్డాం. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు. మా ఆయన సిగ్గుతో కోపంగా ఉన్నారు. డబ్బా పూర్తిగా చల్లారాకే ఆవిడ ఎలక్ట్రీషియన్ని లోపలికి వెళ్లనిచ్చింది. అతను విప్పి చూసి, థర్మోస్టాటు కూడా అతుక్కుపోయిందనీ, వేడి తనంతట తాను ఆగదనీ చెప్పాడు. "ఇంకాసేపు ఉంటేనా..." అని మా పిల్లల వైపు చూసి మాట మింగేశాడు. ఆ మింగేసిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా ఆయన ఆ తర్వాత వదిన భయం మీద ఒక్క జోకు వెయ్యలేదు.

అక్కకి ఒక పట్టుదల ఉండేది. మా రెండిళ్లలో కొత్త గీజరు పెట్టినా, పాతది బాగుచేయించినా, మొదటి స్నానం ఆవిడే చెయ్యాలి. చచ్చేంత భయపడే మనిషి, ముందు తనే వెళ్లేది. "పిల్లలున్నోరు మీరాగండి" అనేది, తనకి పిల్లలు లేనట్టు! లోపల ఉన్నంతసేపూ గట్టిగా మాట్లాడుతూనే ఉండేది. వంకాయల గురించి, వానల గురించి, మా మామగారి పీనాసితనం గురించి. "మాటాడతన్నాను, ఇనబడతందా?" అని మధ్యలో కేకేసేది. ఒక్క క్షణం ఊరుకుంటే బయట మాకు ప్రాణాలు పోయేవి. అంత ప్రేమ మనుషుల్లో నేను మళ్లీ చూడలేదు. నాకు ఉందని కూడా చెప్పలేను.

ఇప్పుడు మా అమ్మాయి పురిటికొచ్చింది. నెలలు నిండాయి. పాత గీజరు టాంకు తుప్పుపట్టి ఎర్రటి నీళ్లు వస్తున్నాయి. బాలింతకి కాగే నీళ్లు పొయ్యాలి. పుట్టే బిడ్డకి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పొయ్యడానికి అక్క వచ్చి ఉంటానంది. గీజరూ తనే చూసి కొనిపిస్తానంది. ఏదీ కాలేదు.

కర్మ అయ్యాక మళ్లీ అదే షాపుకి వెళ్లాం. నాకసలు గీజరే వద్దనిపించింది, పొయ్యి మీద కాచుకుందామన్నాను. "మరిగీ డేగిసా మోసుకుంటా నువ్వు తూలితేనో?" అన్నారు మా ఆయన. అదీ నిజమే. గ్యాసుదైతే నీళ్లు వెంటనే వేడెక్కుతాయనీ, చవకనీ షాపతను ఒకటి చూపించాడు. మా బాత్రూముకి గాలాడే కిటికీ లేదు. ఆ గ్యాసు మనిషిని నిద్రపుచ్చినట్టు చంపేస్తుందని విన్నదగ్గర్నుంచి దానివైపు చూడాలన్నా నాకు చెమటలు. ఆఖరికి కరెంటుదే తీసుకున్నాం. ఇనుప డబ్బా కాకుండా పైన ప్లాస్టిక్కు తొడుగున్నది, వాల్వు కంటికెదురుగా కనబడేది. షాపతన్ని ప్రశ్నలన్నీ మా ఆయనే అడిగారు. ఎర్తు ఎలా చూడాలి, వాల్వు చుక్క ఎంతసేపటికొకటి పడాలి, థర్మోస్టాటు చెడిపోతే ఏమవుతుంది. వదిన అడిగినట్టే అడిగారు. అడుగుతూ అడుగుతూ మధ్యలోనే బయటికెళ్లిపోయారు.

బిగించడం అయింది. ఎలక్ట్రీషియన్ ఎర్తు చూసి బాగుందన్నాడు. నీళ్లు కాగాయి. ముగ్గురం హాల్లో కూర్చున్నాం, ఎవరమూ లేవలేదు. చివరికి మా అమ్మాయి పొట్ట పట్టుకుని లేవబోయింది. "కూర్చో" అని గట్టిగా అరిచి నేనే లోపలికి వెళ్లాను.

 అక్కలా మాట్లాడదామంటే ఒక్క మాట తోచలేదు. వెనకచెయ్యి కుళాయికి తగిలించబోతుండగా లైటు ఆరిపోయింది. ఫ్యాను ఆగింది, వంటింట్లో ఫ్రిజ్జు చప్పుడూ ఆగింది.  "ఏవండీ!" అని కేకపెట్టాను. "ఏటీ కాలేదు, నువ్వు తానం సెయ్యి" అని దూరంగా ఆయన గొంతు. తలుపు సందులోంచి వచ్చే వెలుగులో గబగబా నాలుగు చెంబులు పోసుకున్నాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

తల తుడుచుకుంటూ బయటికొచ్చాను. మా ఆయన మీటరు బోర్డు కింద స్టూలెక్కి ఉన్నారు. ఇల్లంతటికీ మెయిన్ స్విచ్చి ఆపేశారు. అది చాలనట్టు, తనంతట తాను పైకి లేచిపోతుందేమోనన్నట్టు, బొటనవేలితో దాన్ని కిందికి నొక్కి పట్టుకున్నారు. "అయిపోయింది, దిగండి" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. అమ్మాయి తువాలు భుజాన వేసుకుని, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి నడిచింది. నీళ్ల చప్పుడు మొదలైంది. ఆయన వేలి గోరు తెల్లగా పాలిపోయి ఉంది.