పోలయ్య చేతి పట్టీ

రెండేళ్ల కిందట, సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిన వారంలో, కంపెనీ నన్ను ఫీల్డ్ ఇంజనీరుగా నెల్లూరు తీరంలోని మైపాడుకు పంపింది. మా పరికరం చేతికి కట్టుకునే పట్టీ. దూరంనుంచి బటన్ నొక్కితే చర్మం మీద అదురుతుంది. వినపడనివాళ్లకు, ఇంజన్ మోతలో పనిచేసేవాళ్లకు అది పనికొస్తుందో లేదో నేను తేల్చాలి.

పోలయ్యకు నడివయసులోనే చెవులు పోయాయి. బావమరిది శీనయ్యతో కలిసి ఫైబర్ పడవలో వేటకు పోయేవాడు. నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యానుకు వల చుట్టుకుంటే పోలయ్యే నడుముకు తాడు కట్టుకుని దిగి కోసేవాడు. ఇంజన్ వేసే ముందు శీనయ్య ఆ తాడును రెండుసార్లు లాగేవాడు. కిందనుంచి రెండుసార్లు తిరిగి లాగితేనే ఇంజన్ వేసేవాడు.

పట్టీ అదరగానే పోలయ్య పెద్దగా నవ్వాడు. "ఇదేంది సార్, మా ఆడమనిషి గిల్లినట్టుండాది!"

"అయితే జాగర్తగా ఉంటావులే బావా," అని శీనయ్య సైగ చేసి, తడిస్తే పాడవుతుందా అని నన్నడిగాడు. నీళ్లలో పడినా ఏమీ కాదన్నాను. అది నిజమే. పరీక్షలో పట్టీని అరగంట నీళ్లలో ముంచి, బయటికి తీశాక బటన్ నొక్కేవాళ్లం. మునిగి ఉండగా నొక్కడం మా పరీక్షల్లో లేదు. ఉప్పునీళ్లలో రేడియో సంకేతం జానెడు కూడా పోదు. వాళ్లేమో నీళ్లలోనూ పట్టీ అదురుతుందనుకున్నారు. కాళ్లకు అడ్డమని తాడు మానేశారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నాళ్లకు మళ్లీ వల చుట్టుకుంది. పోలయ్య దిగాడు. అలలు పడవను ఒడ్డువైపు తోస్తున్నాయి. తెగిన వల ముక్క పైకి తేలడం చూసి, పని అయిందనుకుని శీనయ్య బటన్ నొక్కి ఇంజన్ వేశాడు. కింద పోలయ్య చివరి పోగు లాగుతున్నాడు.

నెల్లూరు ఆసుపత్రిలో కుడి చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఎడమ చేతి పట్టీ చెక్కుచెదరలేదు. పోలయ్య భార్య కావేరమ్మ తమ్ముణ్ణి నిలదీసింది.

"చెప్పకుండా ఎట్ట వేసినావురా ఇంజను?"

"నొక్కినా అక్కా. రెండుసార్లు నొక్కినా."

"ఆయన తిరిగి చెప్పినాడా?"

"దీంట్లో తిరిగి చెప్పేది లేదక్కా."

ఆమె నావైపు చూసింది.

కంపెనీ నివేదికలో వాడకంలో పొరపాటని రాయమంది. నేను రూపకల్పనలో లోపమని రాశాను. దాన్ని మార్చి పైకి పంపారు. తర్వాత నేనా వృత్తి వదిలేశాను.

ఆ పనిలో తెలుసుకున్నది ఇది. సంకేతం పంపామన్నది పంపినవాడికి మాత్రమే తెలిసిన విషయం. అందిందని అవతలివాడు తిరిగి చెప్పే దారి లేని పరికరాన్ని, ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉండే పనికి ఇవ్వకూడదు.