పులుపు తీసేసిన వాక్కాయలు

ఇరవయ్యేళ్ళు నిండే రోజుల్లో లోకంలో నాకు తెలియని సంగతి లేదని గట్టి నమ్మకం ఉండేది. విజయనగరంలో ఆహారశాస్త్రం డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఇంట్లో ఎవరు ముద్ద నోట్లో పెట్టుకున్నా, అందులో ఏ విటమిన్ ఉందో చెప్పందే మింగనిచ్చేదాన్ని కాను (అమ్మ అందుకే నాకు ముందు వడ్డించేసి, నేను లేచాక మిగతావాళ్ళని పిలిచేది). ఆ ఏడే అన్నయ్యకి పెళ్ళయింది. వదినది బొబ్బిలి దగ్గర పల్లె. శ్రావణంలో పుట్టింటికి వెళ్ళివస్తూ సంచెడు వాక్కాయలు తెచ్చింది. గులాబీ చారల పచ్చికాయల్ని చీల్చి, గింజలు తీసి, కందిపప్పులో వేసి వెల్లుల్లి పోపు పెట్టింది. మిగిలినవాటిలో కొన్ని ఎండురొయ్యలతో వండుతానని, కొన్ని పచ్చడి పెడతానని సంబరంగా చెబుతూ నా కంచంలో వడ్డించబోయింది. "జరమొచ్చి నోరు సచ్చిపోతే మా నాయనమ్మ ఇదే ఎట్టీది పాపా. పైత్యానికి మంచిదనీది. ఒక్క ముద్ద తినీసి సెప్పు." నేను కంచం పక్కకి జరిపి, "కంచెకి వేసే ముళ్ళచెట్టు కాయలు మా ఇంట్లో తినరు వదినా" అన్నాను. 'మా ఇంట్లో' అన్న మాట కొంచెం ఒత్తే పలికాను. వదిన గిన్నెమీద మూత పెట్టింది. మర్నాటికి ఆ సంచి వంటింట్లో లేదు. పక్కింటావిడకి ఇచ్చేసిందట.

పది రోజులు తిరక్కుండా కాలేజీలో మేడమ్ అడిగారు, కేకులమీద పెట్టే చెర్రీలు ఎక్కణ్ణించి వస్తాయని. ఎవరూ లేవకముందే లేచి, కాశ్మీరని, మంచుకొండలని, చల్లటి గాలులని అయిదు నిమిషాలు చెప్పాను. మేడమ్ ఓపిగ్గా అంతా విని, "అసలు చెర్రీలు అలాంటిచోటే కాస్తాయి. మన బేకరీల్లో ఎర్రగా మెరిసేవి మాత్రం చాలావరకు వాక్కాయలే. ఈసారి మీ ప్రాక్టికల్ అదే. సోమవారానికి తలో కిలో తెచ్చుకోండి" అన్నారు. క్లాసంతా నావైపు తిరిగింది. డిగ్రీ అయ్యేదాకా నా పేరు 'కాశ్మీరమ్మాయి'. ఆ సాయంత్రం మార్కెట్‌కి వెళ్తే, నాకంటే ముందు మేలుకున్నవాళ్ళు ఉన్న ఒక్క గంపనీ ఖాళీ చేసేశారు. మార్కులు పోతాయన్న భయం ఒకవైపు, వదిన్ని అడగాలన్న సిగ్గు ఇంకోవైపు. ఎన్నడూ లేనిది ఆరిన బట్టలన్నీ మడతపెట్టి, వదిన చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి, "మీ ఊళ్ళో ఆ చెట్లు ఇంకా ఉన్నాయా వదినా?" అన్నాను.

"ఏ సెట్లు?"

"అవే... వాక్కాయలు."

నా మాట నాకే తిప్పి కొట్టడానికి అంతకంటే మంచి అదను దొరకదు. వదిన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఆదివారం ఎల్దాం. తొమ్మిదికల్లా తయారయిపో" అంది, అంతే.

కాయ కోయడం పుస్తకంలో చదివినంత సులువు కాదు. ముళ్ళు చున్నీని పట్టుకున్నాయి, చున్నీ నన్ను పట్టుకుంది. వదినవాళ్ళమ్మ పరుగున వచ్చి, "ఒలమ్మో, సదువుకున్న పిల్ల సేతులు సూడండి! కొమ్మ లాగీకమ్మా, కాయని తిప్పు. ఆ పాలు కంట్లో పడనీకు" అంటూ గీతలకి పసుపు రాసింది, వేళ్ళకంటిన జిగురుపాలకి కొబ్బరినూనె పూసింది. ఈ వేరు అరగదీసి దురదలకి రాసేవాళ్ళమని కూడా చెప్పింది (ఏ ఆధారంతో అని అడగబోయి, చేతులు చూసుకుని ఊరుకున్నాను). బాగా ముగ్గి నల్లబడిన పండొకటి నా నోట్లో వేసింది. ముందు తీపి, వెంటనే పులుపు, చివర్లో నాలుకని పట్టేసే చిన్న వగరు. ఆ తర్వాత గుప్పెళ్ళతో తిన్నాను. కిలో చాలంటే మూడు కిలోలు కట్టి ఇచ్చింది.

వారం రోజులు ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, కడిగి, ఉడికించి, రంగువేసి, రోజురోజుకీ పాకం చిక్కబరిచాం. మార్కులు బాగానే పడ్డాయి. ఒక సీసా ఇంటికి తెచ్చి గర్వంగా వదిన చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"బాగున్నాది పాపా, తియ్యగున్నాది. మరి దీని పులుపేటి సేసేరు?"

"ఉప్పునీళ్ళతో లాగేశాం వదినా. గింజ ముందే తీసేశాం. దాని రంగు పోయాక మన రంగు వేశాం. రుచి ఎలాగూ పాకానిదే..." చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గింది.

"మరింక కాయదేటి మిగిలినాది?" అని నవ్వింది వదిన. అందులో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. అయిదు నిమిషాలు కాశ్మీరం చెప్పినదాన్ని, సీసా మూత తిప్పి బిగించడంలో పడ్డాను.

ఫ్రిజ్‌లో దాచిన మిగతా కాయలు ముందేసుకుని వదిన పచ్చడికి చీలుస్తుంటే నేనూ కత్తి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. చాలాసేపు తటపటాయించి, "వదినా, ఆవేళ భోజనం దగ్గర నేను..." అని మొదలుపెట్టాను. తల ఎత్తకుండానే, "గింజ ఒదిలీకు పాపా, పచ్చడి సేదెక్కిపోతాది" అంది. ఆ వాక్యం పూర్తి చేయడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పుడు వదిన కాసేపు ఆలోచించి, అలాంటిదేదీ తనకి జ్ఞాపకమే లేదంది. మరిచిపోయిందంటే నేను నమ్మలేదు. నమ్మినట్టు తలూపాను గానీ. అన్నీ తెలిసిన ఆ పిల్ల, ఆ మాత్రం మర్యాద నేర్చుకోవడానికి అన్నాళ్ళు తీసుకుంది మరి.