కారుకు క్యాన్ నీళ్లు

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన మా పాత డీజిల్ కారు వేంపల్లె నుంచి కడప చేరేలోపు రెండుసార్లు వేడెక్కి ఆవిరి కక్కేది. మెకానిక్ దగ్గర గంటల తరబడి కూర్చునే ఓపిక నాకు అయిపోయింది. రిపేర్లు నేనే చేసుకుందామని పాత క్యాలెండర్ కాగితం వెనక లిస్టు రాసుకున్నాను. ఈ ఆదివారం ఆయిలు, పై ఆదివారం ఫిల్టర్లు, ఆ తర్వాత ఫ్యాన్ బెల్టు. రేడియేటర్ కడగడం అన్నిటికన్నా చివర పెట్టాను. అందులో ఉండేది నీళ్లే కదా అనుకున్నాను.

బెల్టు మార్చినా వేడి తగ్గలేదు. చివరి ఆదివారం రేడియేటర్ కింది పైపు ఊడదీస్తే సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్లు కారాయి. పదేళ్లుగా నేను పోసింది మా ఇంటి బోరు నీళ్లే. నడుము పట్టేసి అరుగు మీద కూలబడ్డాను. లిస్టు చివర "ఇకమీద క్యాన్ నీళ్లే" అని రాశాను.

మరుసటి రోజు క్యాన్ తెప్పించి కారులో పోస్తుంటే, మా ఆవిడ టీ గిన్నెను చింతపండుతో తోముతూ గడపలో నిలబడింది. గిన్నె అడుగున అదే తెల్లటి పొర.

"కారుకు పోయంగా మిగిలితే ఇంట్లోకీ రెండు చెంబులు ఇయ్యండి. ఈడ మేమూ ఆ బోరు నీళ్లే తాగతాండాము," అంది.