గరిడేపల్లి నుంచి నలభై ఒక్కసార్లు

కరుణది వేములపల్లి. తండ్రి సాంసన్ మిర్యాలగూడలో బ్రహ్మయ్య సేటు రైసుమిల్లులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. అదే మిల్లులో కూతురు ఫ్యాను కింద కూర్చుని కంప్యూటర్ చూసుకుంటుంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది. సూర్యాపేటలో చేసిన ఆరు నెలల కోర్సు తప్ప ఆమెకు పెద్ద చదువేమీ లేదు. మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నదే. పట్టిన పని వదిలే మనిషి కాదు.

ఆ మిల్లుకు వడ్లు తేవాలంటే ముందు వెబ్‌సైట్‌లో భూమి పాసుబుక్కు నంబరు కొట్టి టోకెన్ తీసుకోవాలి. టోకెన్ కోసం ఎవరు నొక్కినా సరే, ఏ ఇంటర్నెట్ అడ్రసు నుంచి, ఎన్ని గంటలకు, టోకెన్ దొరికిందా లేదా అన్నది సర్వర్ తన లాగ్ ఫైల్‌లో ఒక వరుసగా రాసుకుంటుంది. రోజుకు వేల వరుసలు. అవన్నీ చదవాలంటే కళ్లు పోతాయి. పోయిన యాసంగిలో కోదాడ వైపు నుంచి ఎవరో బ్రోకర్లు టోకెన్లన్నీ ఊడ్చుకుపోతుంటే, కరుణ ఆ ఫైల్‌ను తనంతట తానే చదివే చిన్న కంప్యూటర్ స్క్రిప్టు రాసింది. ఒకే అడ్రసు నుంచి రోజులో వందసార్లు నొక్కితే అది బ్రోకరేనని లెక్క. ఆ అడ్రసును స్క్రిప్టు శాశ్వతంగా మూసేస్తుంది. సేటు అందరి ముందూ మెచ్చుకున్నాడు. మెచ్చుకోడా మరి, పైసా ఖర్చు లేకుండా పీడ విరగడైతే!

ఈ ఏడు మే నెలలో గరిడేపల్లి నుంచి లచ్చమ్మ వచ్చింది. కల్లంలో అమ్ముడుపోని వడ్లకుప్ప మీద వానకు టార్పాలిన్ పట్టా కప్పుతుంటే పిడుగు పడి ఆమె భర్త జంగయ్య చనిపోయాడు. అప్పటికి పదకొండు రోజులు.

“నాకేం ఇయ్యొద్దు బిడ్డా. రోజూ నెట్ సెంటర్‌కు పోయొస్తున్న, టోకెన్ వస్తలేదు అనేటోడు. ఫోన్లున్నోళ్లకు వస్తుంటే నీకెందుకు రాదు, కల్లు దుకాణంల కూసోని వస్తున్నవని నేను తిట్టిన. ఆయన నొక్కిండా, నొక్కలేదా? గదొక్కటి సెప్పు.”

సేటు కరుణను లోపలికి పిలిచాడు. “పేపరోళ్లు అడుగుతున్నరు. ఆయన అసలు టోకెన్‌కు రానేలేదని కాగితం రాసియ్యి. ఆమెకు జర మంచిగ చెప్పి పంపు.”

కరుణ వచ్చి జంగయ్య పాసుబుక్కు నంబరు కొట్టి స్క్రిప్టు నడిపింది. తొమ్మిది రోజులు, నలభై ఒక్క వరుసలు. ప్రతి వరుస చివరా తిరస్కరణే. అన్నీ ఒకే అడ్రసు నుంచి, గరిడేపల్లిలోని వీరేందర్ నెట్ సెంటర్ నుంచి. అదే అడ్రసులో ఇంకా పాతిక మంది రైతుల నంబర్లున్నాయి. సెంటర్‌కు ఉన్నది ఒక్కటే కనెక్షన్ కాబట్టి అక్కడ బెంచీ మీద వరుసగా కూర్చున్న వాళ్లంతా సర్వర్‌కు ఒక్క మనిషే. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్లందరినీ కలిపి ఆమె స్క్రిప్టు ఒక బ్రోకర్‌ను చేసింది. ఒకప్పుడు కరుణ కూడా అలాంటి బెంచీ మీద కూర్చునే సూర్యాపేట కోర్సుకు దరఖాస్తు పెట్టుకుంది. స్క్రిప్టు రాసేటప్పుడు ఆ సంగతి గుర్తే రాలేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సేటు ఆమె వెనక నిలబడి తెర మీది వరుసలు చూశాడు. “నోరు తెరిస్తే నీ నౌకరీ పోతది. సాంసన్ మందులకు ఏం జేస్తవ్?”

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో గానీ, కరుణ బయటికొచ్చి లచ్చమ్మ ముందు కూర్చుంది.

“నొక్కిండు పెద్దమ్మా. తొమ్మిది దినాలల్ల నలభై ఒక్కసారి నొక్కిండు. దొరకకుండ మూసింది నేనే.”

లచ్చమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టినా బాగుండునని కరుణకు అనిపించింది.

“ఆఖరి దినం ఎన్నింటికి నొక్కిండు?”

“సాయంత్రం నాలుగుంబావుకు.”

లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాలుగున్నరకు ఇంటికొచ్చి ఆకలైతుందన్నడు బిడ్డా. తాగొచ్చినోనికి అన్నం పెట్టనని తలుపు తియ్యలే. గట్లనే కల్లంకు పోయిండు.”