కునుకక్క గురక

మా సంగీత కళాశాలలో కూర్చున్న చోటే కునుకు తీసే మనిషి ఒకావిడ ఉండేది. క్యాంటీన్ దగ్గర వరసలో నిలబడి కూడా నిద్రపోయిందని చెప్పుకునేవాళ్లు. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ కునుకక్కే.

మొదటి ఏడాది వాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో సీనియర్‌ని తోడిచ్చే పద్ధతి మా దగ్గర ఉంది. వారానికో గంట వాళ్ల ముందు సాధన చెయ్యాలి. నా వంతుకి కునుకక్క వచ్చింది. స్నేహితురాళ్లు జాలిపడ్డారు గానీ నా బాధ వేరే. ఒంటరిగా ఉంటే వయొలిన్ బాగానే వాయించేదాన్ని. ఎవరైనా వింటున్నారంటే చాలు, కమాను పట్టిన చెయ్యి గడగడా వణికేది. ఏడాది చివర ముగ్గురు పరీక్షకుల ముందు వాయించి నెగ్గకపోతే సీటు పోతుంది.

మొదటి రోజు ఆవిడ నా వణుకు చూసింది. "నువ్వు వాయించుకో అమ్మాయ్, నాకు కళ్లు మూతలు పడుతున్నాయి" అని పియానో మూత మీద తల వాల్చింది. కాసేపటికే గురక. నాకు ఒళ్లు మండింది. కానీ నిద్రపోయే మనిషి ముందు భయమెందుకు? వాయించాను. చెయ్యి వణకలేదు.

ఏడాదంతా అలాగే గడిచింది. ఆ గురకకి ఒక చిత్రమైన గుణం ఉండేది. నేను ఎక్కడైనా తప్పితే ఠక్కున ఆగిపోయేది, సరిచేసుకున్నాక మళ్లీ మొదలయ్యేది. అపస్వరానికి పాపం నిద్ర చెడుతోంది కాబోలనుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించేదాన్ని. నా బుర్ర అంతవరకే పనిచేసింది.

పరీక్ష రోజు వేదిక ఎక్కాను. కమాను తీగ మీద పెట్టగానే వణుకు మొదలైంది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అంతలో చివరి వరస నుంచి గురక.

హాలంతా గొల్లుమంది. పెద్ద పరీక్షకుడు "ఎవరది, లేపండి" అన్నారు. పక్కవాళ్లు కుదిపారు. కునుకక్క లేస్తేనా. ఆయన విసుగెత్తి నన్ను కానివ్వమన్నారు. నాకు నవ్వొచ్చింది, చెయ్యి తేలికపడింది. వాయిస్తూ పోయాను. రెండో భాగంలో గురక ఆగింది. నేను పరిగెడుతున్నానని అప్పుడు తెలిసి నెమ్మదించాను. గురక మళ్లీ అందుకుంది.

నేను నెగ్గాను. ఆవిడకి మాత్రం ప్రిన్సిపాల్ గదిలో గట్టిగానే అక్షింతలు పడ్డాయి. బయటికి రాగానే పట్టుకున్నాను.

"అక్కా, ఏడాదంతా నువ్వు ఒక్కసారీ నిద్రపోలేదా?"

"నీ అపస్వరాల మధ్య నిద్రెక్కడ పడుతుందే?" అంది ఆవలిస్తూ. ఆ క్షణాన ఆవిడ మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

మరుసటి ఏడాది నాకూ ఒక అమ్మాయిని అప్పగించారు. వినేవాళ్లుంటే తనకి ఫ్లూట్ మీద పెదవి నిలిచేది కాదు. నేనూ పియానో మీద తల వాల్చి గురక మొదలుపెట్టాను. ఆ పిల్ల ఎంత బాగా వాయించిందో మాత్రం చెప్పలేను. నాకు నిజంగానే నిద్ర పట్టేసింది.