పైనున్న డబ్బాలో ప్రార్థన

అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చికి వెబ్‌సైట్ తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆఫీసులో నా పనీ అదే. సైట్ బయటికి వెళ్లేముందు మామూలు మనుషుల చేత వాడించి, ఎక్కడ తడబడుతున్నారో చూస్తాను. ఆఫీసులో ఎటూ నా మాట చెల్లదు, దేవుడి పని కదా, ఇక్కడైనా వింటారనుకున్నాను. నా పిచ్చి గానీ.

పరీక్షకు ఒక పెద్దావిడను కూర్చోబెట్టాను. ఇండియా నుంచి భర్తతో కలిసి కూతురింటికి వచ్చింది. వచ్చాక ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ రోజుకు ముందు సంఘమంతా ఆయన పేరున ప్రార్థించాలి, ఆవిడకు అంతే కావాలి.

"ప్రార్థన మనవి పంపండి ఆంటీ," అన్నాను. ఎవరూ సాయం చేయొద్దని కమిటీని ముందే బతిమాలాను.

ఆవిడ పేజీ పైనున్న ఖాళీ డబ్బాలో రాయడం మొదలుపెట్టింది. అది సైట్‌లో ఏదైనా వెతుక్కోవడానికి పెట్టింది. మనవి పంపే బటన్ పిక్నిక్ ఫొటోలు, కమిటీ ఫొటోలు అన్నీ దాటాక అడుగున ఎక్కడో ఉంది. అంతలో కమిటీ పెద్ద మౌస్ లాక్కున్నాడు.

"అక్కడ కాదండీ, కిందికి స్క్రోల్ చేయాలి. ఇదుగో."

"సైటు చాలా బాగుంది బాబూ. నాకే చేతకాలేదు," అందావిడ.

"విన్నారుగా సిస్టర్, బాగుందంటున్నారు. టెస్ట్ పాస్," అన్నాడాయన నాతో.

బటన్ పైకి తెమ్మని మొత్తుకున్నాను. దానికోసం ఎవరి ఫొటో తీసేయాలో తేలక ఆ సంగతి పక్కన పెట్టేశారు. సైట్ అలాగే విడుదలైంది. ఇకమీదట మనవులన్నీ అందులోనే పంపాలని ప్రకటించారు కూడా.

ఒక ఆదివారం పాస్టర్‌గారు మనవులు చదువుతుంటే ఆవిడ ముసుగు సర్దుకుని ప్రతి పేరుకూ తలెత్తి చూసింది. ఆవిడ భర్త పేరు రాలేదు. ఆరాధన ముగిసింది, జనం కార్లెక్కేశారు.

పార్కింగ్‌లో నా చెయ్యి పట్టుకుంది. "మీ అంకుల్ పేరు చదవలేదేంటమ్మా? రేపే ఆపరేషన్. అంతా రాశానే."

"ఎక్కడ రాశారు ఆంటీ?"

"పైన డబ్బాలో."

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే కారు తీస్తున్న కమిటీ పెద్దను ఆపి, వినమన్నాను.

"మొన్న నేను చూపించాను కదా సిస్టర్," అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది. "అవునమ్మా, పాపం ఆయన చూపించారు. నాకే చేతకాలేదు."